గంటస్తంభం గారి లెవెల్ 5

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టకు. కావాలంటే తిట్టుకో, పడతాను. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, బాగుంది. పెద్దవాడు ఇంటర్‌లో చేరాడు. మియాపూర్ ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. ఇంటి కబుర్లు అయిపోయాయి. ఇక ఇది నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది: మన మేనేజరు గంటస్తంభం దగ్గర్నుంచి లెవెల్ 15, అంటే స్విచ్‌లలో ఏదైనా మార్చగల పూర్తి అధికారం, లాగేశాం!

నమ్మవు కదూ? మొదటినుంచి చెబుతాను. నువ్వు వెళ్లిపోయాక కూడా ఆఫీసు నెట్‌వర్కును నడిపే సిస్కో స్విచ్‌లన్నిటికీ అదే 'అడ్మిన్' ఖాతా, పూర్తి అధికారం ఇచ్చే అదే ఎనేబుల్ పాస్‌వర్డు (అవును, ఆ పాస్‌వర్డే, నవ్వకు). నిన్నగాక మొన్న చేరిన కాంట్రాక్టు కుర్రాడి నుంచి గంటస్తంభం దాకా అందరికీ అదొక్కటే. మూడో అంతస్తులో కొత్త కెమెరాలు పెట్టారు. మధ్యనున్న పెద్ద స్విచ్, అదే కోర్ స్విచ్, నుంచి అక్కడికి వెళ్లే ట్రంకులో (ఎన్నో వీలాన్లను, అంటే విడివిడి నెట్‌వర్కులను, కలిపి మోసే లింకులో) కెమెరాల వీలాన్ 30 కలపమంటే, కుర్రాడు 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30' అని కొట్టి ఎంటర్ నొక్కాడు. 'యాడ్' ఏదిరా? ఆ మాట లేకపోయేసరికి పాత జాబితా మొత్తం ఎగిరిపోయి 30 ఒక్కటే మిగిలింది. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ పోయాయి, వాటితోపాటు అతడి సెషన్ కూడా. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే అదే. నేను నేరుగా స్విచ్‌కే తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని సర్వర్ గదికి పరుగు.

లాగ్ తెరిస్తే 'అడ్మిన్' చేశాడని ఉంది. ఏ అడ్మిన్? అందరూ అడ్మిన్లే కదా! పాపం, కుర్రాడు తనంతట తనే వచ్చి ఒప్పుకున్నాడు కాబట్టి తెలిసింది. అతడి మీద నాకు కోపం రాలేదు. కెమెరా పోర్టులు చూసుకునేవాడికి కోర్ స్విచ్‌ను తిరగరాసే అధికారం ఇచ్చినవాళ్ల మీదే వచ్చింది. ఆ ఊపులోనే ఎవరి పేరుతో వాళ్లకు ఖాతాలు చేసేశాను. చూసేవాళ్లకు లెవెల్ 5, పోర్టు మూసి తెరిచేవాళ్లకు 7, నాకూ షిఫ్టు ఇంజనీరుకూ 15. మేనేజరుకు?

"నేను మేనేజర్ని, నాకు అన్నిటికన్నా పైది కావాలి. 16 లేదా?" అన్నాడురా! సున్నా నుంచి 15 వరకు మొత్తం పదహారే ఉన్నాయని చెబితే, "చూశావా, పదహారు ఉన్నాయిగా" అన్నాడు. ఆ రోజు నువ్వు పక్కన ఉండి ఉంటే పగలబడి నవ్వేవాడివి.

చివరికి ఆడిటర్ల పేరు చెప్పి 5 ఇచ్చాను. నడుస్తున్న అమరికలు చూపే 'షో రన్నింగ్ కాన్ఫిగ్' ఆదేశం కూడా అందులోకి దించాను, చూసుకుని మురిసిపోతాడని. మర్నాడు పొద్దున్నే ఫోను. "కాన్ఫిగరేషన్ మొత్తం చెరిగిపోయింది! బ్యాకప్ ఎక్కించండి!" వెళ్లి చూద్దును కదా, తెర మీద 'బిల్డింగ్ కాన్ఫిగరేషన్', కింద వరసగా కొన్ని ఆశ్చర్యార్థకాలు, అడుగున 'ఎండ్'. అంతే. ఆయన ముఖంలోనూ అంతకు మించి ఏమీ లేదు. అప్పటికే పై వాళ్లకు ఫోన్ చేసి నెట్‌వర్కు మీద దాడి జరిగిందన్నాడట! 2023 అక్టోబరు సంగతి ఎక్కడో విని ఉంటాడు, అదే, సిస్కో పరికరాల్లో నడిచే ఐఓఎస్ ఎక్స్‌ఈ వెబ్ పేజీలోంచి బయటివాళ్లు పాస్‌వర్డు లేకుండానే లెవెల్ 15 ఖాతాలు సృష్టించుకున్నారే, అది. మనం ఆ పేజీని నడిపే హెచ్‌టీటీపీ సర్వర్ ఎప్పుడో ఆపేశాం, కానీ ఎవరు వింటారు?

అసలు కిటుకు నీకు తెలిసిందే. ఆ ఆదేశం మనకు మార్చే హక్కున్న వరసలే చూపిస్తుంది. లెవెల్ 5 వాడు మార్చగలిగేది ఏమీ లేదు, కాబట్టి కనిపించేదీ లేదు. సేవ్ చేసి ఉంచిన అమరికలు చూపే 'షో స్టార్టప్ కాన్ఫిగ్' కొట్టి చూపించాను, అక్షరం పోకుండా అంతా ఉంది. ఆయన చాలాసేపు చూసి, "అంటే నేను ఏదీ మార్చలేనా?" అన్నాడు. దాడి కన్నా అదే ఎక్కువ నొప్పించింది. పాపమనిపించింది కూడా. ఒకప్పుడు మనకు క్రింపింగ్, కేబుల్ చివర ప్లగ్గు బిగించడం, నేర్పింది ఆయనే కదా... సరే, ఆ సంగతి వద్దు. తర్వాత 'షో రన్నింగ్ కాన్ఫిగ్ వ్యూ ఫుల్' అన్నదాన్ని 5కి దించాను. ఇప్పుడు రోజూ ఉదయం మొత్తం చదువుతున్నాడు, పేపరులాగా!

నాకూ చిక్కులు తీరలేదు. లెవెల్ 7కి 'షట్‌డౌన్' ఇస్తే కెమెరా పోర్టుతోపాటు కోర్ స్విచ్‌కు వెళ్లే అప్‌లింకునూ మూసేయగలరు. ఈ అంకెలతో అంత సన్నగా కోయలేం. అందుకే టాకాక్స్ ప్లస్ సర్వర్ పెడుతున్నాను. ప్రతి ఆదేశానికీ స్విచ్ దాన్ని అడుగుతుంది, అది ఔననో కాదనో చెబుతుంది, ఎవరు ఏం కొట్టారో రాసిపెడుతుంది. అలాంటిదే రేడియస్ ఉందిగా, అది చాలదా అంటావు, నీ పాత పాటే. ఆదేశం ఆదేశానికీ అనుమతి అందులో ఎక్కడుందిరా? కానీ ఆ సర్వర్ పడిపోయిన రోజు లోపలికి వెళ్లడానికి లోకల్ ఖాతా ఒకటి ఉంచాలి కదా, దాని పాస్‌వర్డు కవరులో పెట్టి సీలు వేసి ఎవరి బీరువాలో దాచాలి అన్న దగ్గర మళ్లీ గంటస్తంభం మోగి

ఆగు, షిఫ్టు వాళ్లు పిలుస్తున్నారు. రాత్రి మార్పుల సమయం మొదలైంది. బీరువా యుద్ధం తర్వాత రాస్తాను. వదినను అడిగానని చెప్పు.

నీ
గోపి