పడవలో హీటరు గురించి అమ్మాయికి

విజయవాడ,
కార్తీక మాసం, ఆదివారం రాత్రి

అమ్మలూ,

నిన్న నువ్వు పడవ లోపల తీసి పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. కిటికీ అద్దం మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. పక్కదుప్పటి అంచు పిండి చూపిస్తుంటే నీ నోట్లోంచి ఆవిరి వస్తోంది. అది చూశాక మీ అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇవాళ తెల్లవారుజామున దుర్గా ఘాట్‌లో దీపం వదిలి వచ్చి, "ఏ హీటరు కొనాలో మీరే వివరంగా రాయండి, ఫోన్లో సగం వినిపించదు" అంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆటోనగర్‌లో డీజిల్ పంపులూ నాజిళ్ళూ విప్పుతున్నాను. స్కాట్లండ్ సముద్రం నాకు తెలియదు కానీ డీజిల్ మంట తెలుసు. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా దాచాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, మేం పై అంతస్తులో క్షేమంగా ఉన్నామని చెప్పాం కదా. కరెంటు లేక అందరం అల్లాడుతుంటే మూడో రోజు ఎవరో పడవ మీద చిన్న పెట్రోలు జనరేటరు తెచ్చారు. కిందంతా నీళ్ళు కాబట్టి మెట్ల మలుపులో పెట్టారు. ఫోన్లు చార్జింగ్ అవుతాయని అందరికీ సంతోషం. నేనూ వద్దనలేదు. జల్లు కొడుతోందని మెట్ల దగ్గర కిటికీలు మూసేశారు. రాత్రి పది దాటాక మీ అమ్మ తలనొప్పి అంది, కాసేపటికి వాంతి చేసుకుంది. నీళ్ళు పడలేదేమో అనుకున్నాను. లేపి కూర్చోబెడితే మెడ నిలబడటం లేదు. అప్పుడు చూసుకుంటే నా తలా దిమ్ముగానే ఉంది. పరుగెత్తుకెళ్ళి జనరేటరు ఆపి, తలుపులన్నీ బార్లా తీసి, ఆమెను బాల్కనీలోకి తెచ్చి కూర్చోబెట్టాను. గంటసేపు ఇద్దరం వానలో తడిశాం. పొగ వాసన కూడా లేదమ్మా. ఇంజను పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది చేరుతుంది. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు మెలకువ కూడా రాదు.

మీ పడవ గది మన పడగ్గది కంటే చిన్నది. మీరు చలికి సందులన్నీ మూసుకుని పడుకుంటారు. అందుకే చెబుతున్నా, మంట పీల్చే గాలి బయటినుంచి రావాలి, దాని పొగ బయటికే పోవాలి. మీరు పీల్చే గాలికీ ఆ మంటకూ మధ్య ఇనుప గోడ ఉండాలి. అలా లేని హీటరు ఎంత చవకగా వచ్చినా పడవలోకి రానివ్వకు. తాతయ్య ఏలూరు కాలవలో గూటిపడవ నడిపిన రోజుల్లో పొయ్యి ఎప్పుడూ చుక్కాని దగ్గర, ఆరుబయటే. గూట్లోకి కుంపటి రానిచ్చేవాడు కాదు. బాలింత గదిలో కుంపటి పెట్టినప్పుడు నాయనమ్మ తలుపు జానెడు తీసి ఉంచేది, నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నమ్మ పురిటికి వచ్చినప్పుడు చూశావు.

గ్యాసు హీటరు అన్నావు. నాకు ఇష్టం లేదు. మన వంటింట్లో గ్యాసు లీకైతే తలుపు తీస్తే గడప దాటి పోతుంది. పడవకు గడప ఎక్కడిది? అది తొట్టి. వంటగ్యాసు గాలికంటే బరువు, అడుగున చేరి అక్కడే నిలిచిపోతుంది. పైగా పొగగొట్టం లేని రకమైతే ఒక కిలో గ్యాసు కాలితే కిలోన్నరకు పైగా నీళ్ళు ఆవిరై ఆ గదిలోనే ఉండిపోతాయి. దుప్పటి తడుస్తోందని ఏడ్చే చోట ఇంకా నీళ్ళు పోసుకున్నట్టే. స్పిరిటు హీటర్లదీ అదే తంతు. కట్టెల పొయ్యి ఊసు వద్దు, ఆ చిన్న పడవలో ఎండు కట్టెలు ఎక్కడ దాస్తారు? రేవులో కట్టేసినప్పుడు మాత్రం గట్టు మీది కరెంటుతో చిన్న ఎలక్ట్రిక్ హీటరు వాడుకోండి, అంతకంటే సుఖం లేదు. లంగరు వేసిన చోట కరెంటు ఉండదు కాబట్టి అది ఒక్కటే చాలదు.

ఇక మిగిలినవి డీజిల్‌వి. ఇంజను ఎలాగూ డీజిలే, ట్యాంకు ఉంది. అల్లుడుగారు మెచ్చుకున్న డెన్మార్క్ రెఫ్లెక్స్ పొయ్యి వివరాలు చదివాను. డీజిల్ బొట్టుబొట్టుగా గిన్నెలోకి దిగి కాలుతుంది, బ్యాటరీ అక్కర్లేదు, చప్పుడు లేదు. చేపల పడవల వాళ్ళు దాన్ని ఎందుకు నమ్ముతారో నాకు అర్థమైంది. నాకూ మనసు అటే లాగింది. కానీ దాని గొట్టం పైకప్పు దాటి ఎత్తుగా వెళ్ళాలి, గాలి ఎదురు తిరిగితే మంట తొణుకుతుంది, మసి పడుతుంది. ఇరవై ఏడు అడుగుల పడవలో ఆ కాలే గొట్టం మీ తల పక్కనే ఉంటుంది. నెలల తరబడి అందులోనే ఉండేవాళ్ళకు అది మంచిది. శనివారం వెళ్ళి ఆదివారం తిరిగొచ్చే మీకు, స్విచ్చి నొక్కిన పది నిమిషాల్లో వెచ్చటి గాలి వచ్చే రకం కావాలి. ఎబర్‌స్పాకర్, వెబాస్టో కంపెనీలు చేసేవి అవే.

రెండు కిలోవాట్లది చాలు. ఐదు కిలోవాట్లది తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంటుందని అనుకోకండి. పెద్ద జనరేటరు మీద రెండు ఫ్యాన్లే తిప్పితే ఏమవుతుందో నా షెడ్డులో రోజూ చూస్తాను. సగం కాలిన డీజిల్ మసి కట్టి లోపలంతా నల్లటి జిగురు. హీటరూ అంతే, ఎప్పుడూ సన్నగా తిప్పితే మసి పట్టి చచ్చిపోతుంది. రెండు కిలోవాట్లదైనా సరే, ఆపే ముందు పదిహేను నిమిషాలు ఫుల్‌లో పెట్టు. దాని స్విచ్చితోనే ఆపాలి. ఆపాక ఫ్యాను తిరిగి తిరిగి లోపలి వేడి తగ్గాక అదే ఆగుతుంది. తొందరపడి బ్యాటరీ మెయిన్ స్విచ్చి తీసేయకు. ఫుల్‌లో గంటకు పావు లీటరు తాగుతుంది, సన్నగా పెడితే అందులో సగం కూడా ఉండదు.

ఇలాంటివి మొరాయించేది ఎక్కువగా వైరు దగ్గర. మొదట వెలిగేటప్పుడు మంట అంటించే హీటర్ ప్లగ్గు కొన్ని నిమిషాలపాటు ఎనిమిది, పది ఆంపియర్లు లాగుతుంది. సన్న వైరు వేస్తే వోల్టేజి దార్లోనే పోతుంది. బ్యాటరీ దగ్గర పన్నెండు చూపిస్తుంది, హీటరు దగ్గర పదిన్నరకు పడిపోయి అదే కట్టయిపోతుంది. మనుషులు హీటరును తిడతారు. లావు వైరు, కొసలు గట్టిగా నొక్కి బిగించిన మంచి క్రింపు, మధ్యలో అతుకులు లేకుండా వేయించు. డీజిల్‌కు ట్యాంకులోంచి విడిగా ఒక పైపు తీయించు. ఇంజనుకు వెళ్ళే పైపుకే టీ జాయింటు వేసి పంచుకోవద్దు, గాలి లాగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం పొగ పైపు. లారీలకూ వ్యాన్లకూ చేసిన కిట్లు చవకగా దొరుకుతున్నాయి, అల్లుడుగారు పంపిన లింకులో ఉన్నది అదే. ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. వాటి సైలెన్సరుకు అడుగున, చేరిన నీళ్ళు కారిపోవడానికి, సూదిబెజ్జం లాంటి చిన్న చిల్లు ఉంటుంది. లారీ కింద అయితే అది బయట గాల్లో ఉంటుంది, ఇబ్బంది లేదు. పడవలో ఆ సైలెన్సరు ఉండేది లోపల, మీ మంచం వెనక అరలో. రాత్రంతా ఆ చిల్లులోంచి వచ్చేది ఏమిటో ఆలోచించు. మెట్ల మలుపులో జనరేటరు పెట్టుకున్నట్టే. పడవలకని చేసిన, చిల్లు లేని, అతుకులు గట్టిగా మూసిన సైలెన్సరే వేయించాలి. పైపు కూడా ఏకముక్కగా ఉండాలి. దాన్ని ముందు పైకి ఎత్తి, ఒక వంపు తిప్పి, అప్పుడు పడవ పక్కకు దించితే అల కొట్టినా నీళ్ళు వెనక్కి రావు. నిప్పులా కాలుతుంది, చెక్కకు ఆనకుండా వేడిని ఆపే గ్లాసు టేపు చుట్టించు.

ఎంత బాగా వేసినా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కావాలి. పడవలకూ వ్యాన్లకూ వర్తించే ఐరోపా ప్రమాణం ఈఎన్ 50291-2 అని దాని మీద రాసి ఉండాలి. మీరు తల పెట్టుకుని పడుకునే ఎత్తులో బిగించి, ఎక్కిన ప్రతిసారీ బటన్ నొక్కి కూత విను. హీటరు ఉంది కదా అని గాలి వచ్చిపోయే గూళ్ళు మూసేయకండి. ఆ తడి పోవాల్సింది వాటిలోంచే.

డబ్బు చాలకపోతే చెప్పు, మొహమాటపడకు. బిగించేవాడు వచ్చి పని ముగించాక, అర మూత మూయకముందే, సైలెన్సరు అడుగు భాగం, రెండు క్లాంపులు కనబడేలా దగ్గరనుంచి ఫోటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా వెలిగించి పడుకోవద్దు.

మీ అమ్మ పాత నేత చీరలతో బొంత కుడుతోంది, వచ్చే వారం పంపుతుంది. దాన్ని ఇప్పుడే పడవలోకి తీసుకెళ్ళకు, నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. కిటికీ అద్దం ఒక రాత్రంతా పొడిగా ఉన్నాక తీసుకెళ్ళు.

ఉంటాను,
నాన్న