పునాదుల కంటే ముందు తవ్వకాలు

సంపాదకులకు,

మధ్యయుగపు పట్నం ఉన్న నేలలో ఇళ్లు కట్టేముందు పురావస్తు తవ్వకానికి వారం పది రోజులు చాలన్న వాదన తప్పు. అక్కడ ఒక ఇల్లు కూలి, దాని మీదే మరొకటి లేచి ఉంటుంది. మధ్యలో ఎవరో చెత్తగుంట తవ్వి పాత పొరలను కోసేసి ఉంటారు. ఏది దేన్ని కోసిందో తేల్చుకుని, చివర ఏర్పడినదాన్ని మొదట తీయాలి. ఈ వరుస తప్పితే కుండపెంకుల కాలం కలగాపులగమవుతుంది, మళ్లీ సరిదిద్దే వీలుండదు.

పైమట్టిని తవ్వే యంత్రానికి తగిలించిన పళ్లులేని బకెట్‌తో పలచగా గీకాలి. పళ్లుంటే పాత ఇళ్ల స్తంభాలు పాతిన గుంటల్లోని మట్టి రంగు తేడా చెదిరిపోతుంది. నేల ఆరినా అది కనబడదు, నీళ్లు చిలకరించి చూడాలి.

చెత్తగుంటలు, మరుగుదొడ్డి గుంటలు, పూడిన బావులే అసలు నిధి. ఎంచుకున్న ఒక్కో పొర నుంచి 40 లీటర్ల మట్టిని నీటిలో తేల్చి, సన్నజల్లెడ పడితే మాడిన గింజలు, చేపముళ్లు బయటపడతాయి. ఆ పట్నం ఏం తిన్నదో చెప్పేవి అవే.

తవ్వడానికి డబ్బిచ్చి, దొరికినవాటిని కడగడానికి, వర్గీకరించడానికి, నివేదిక రాయడానికి ఇవ్వకపోవడం మరీ అన్యాయం. ఆ ఖర్చును నిర్మాణ అనుమతిలోనే షరతుగా చేర్చాలి.

— తవ్వకాల క్షేత్రసిబ్బంది