ఆ క్యాసెట్ నాదే

తల్లీ,

మెసేజ్ పెడితే "బిజీ నాన్నా" అని రెండు ముక్కలు కొట్టి ఊరుకుంటున్నావని ఇలా ఉత్తరంలాగా రాస్తున్నాను. పంపేది ఫోన్‌లోనే అనుకో, కాకపోతే తీరిగ్గా కూర్చుని చదువు. ఇక్కడంతా బాగానే ఉంది. అమ్మ మోకాలు కాస్త నయం, మెట్లెక్కొద్దంటే మాత్రం వినదు. నీ గదిలో ఫ్యాన్ బాగుచేయించాను, ఆ టకటక చప్పుడు పోయింది. శీనుగాడు వచ్చి రెండు రోజులుండి వెళ్లాడు. నువ్వు గిటారు అమ్మకానికి పెట్టావని వాడు ఏదో మాటల్లో అన్నాడు. నేనేం పట్టించుకోలేదులే.

కళ్లజోడు మార్పించుకున్నావా? రాత్రి రెండింటికి కూడా నీ పేరు పక్కన పచ్చచుక్క కనిపిస్తోంది, అప్పటిదాకా మేలుకుని ఏం చేస్తున్నావని అడిగితే నీకు కోపం, అందుకని అడగను.

శీనుగాడు ఇంకోటి కూడా చెప్పాడు. ఎవరో నీ ఫోన్ తీసుకుని అందరి ముందూ నీ మెటల్ పాట, అదే గిటార్ల హోరూ అరుపులూ ఉండే ఆ రాక్ పాట, పెట్టారని, అంతా పడీపడీ నవ్వారని, నువ్వు కూడా వాళ్లతో కలిసి నవ్వి "అవి ఊరికే జోక్‌కి వింటా" అన్నావని. మూడేళ్లు తలుపు వేసుకుని విన్నది జోక్‌కా? వేళ్ల చివర్లు కాయలు కాసింది జోక్‌కా? అయినా అడిగే హక్కు నాకుందో లేదో. "ఆ గొంతు చించుకునేవాడికి ఎవరైనా కాసిని మంచినీళ్లివ్వండ్రా" అని నీ తలుపు కొట్టింది నేనే కదా. అప్పుడు నువ్వు నవ్వలేదు. సౌండ్ తగ్గించేశావు, అంతే.

అబద్ధం ఎందుకు, నాకది ఇప్పటికీ నచ్చదు. కానీ ఈ నెలలో కూర్చుని కాస్త చదివాను. టోనీ అయోమీ అట, బ్లాక్ సబ్బత్ అనే మెటల్ బ్యాండులో గిటారిస్టు. నీకు తెలుసులే, అయినా చెప్పనీ. 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో చెయ్యి మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. మనిషిది ఎడమచేతివాటం, అంటే తీగలు నొక్కాల్సింది సరిగ్గా ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, పోనుపోను తీగలు ఇంకా వదులుచేసి శ్రుతి దించేశాడు. నీ పాటల్లో గుండెల మీద బండ పెట్టినట్టుండే ఆ బరువు అలా వచ్చిందట. 1970లో వాళ్ల మొదటి ఆల్బమ్ వస్తే విమర్శకులు ఏకిపారేశారు. ఆ గ్రౌల్, అదే బొంగురు గొంతుతో గర్జించినట్టు పాడటం, అది కూడా మామూలు అరుపు కాదట, అసలు స్వరతంతువుల పైన ఇంకో జత మడతలుంటాయి, వాటిని కదిలించి తీస్తారట. నేను బాత్రూమ్‌లో ప్రయత్నించాను. అమ్మ పరిగెత్తుకొచ్చింది, మోకాలి నొప్పితో సహా.

నీకు ఎప్పుడూ చెప్పని విషయం ఒకటుంది. నా ఎర్ర టేప్‌రికార్డర్ సంగతి తెలుసుగా, దాంట్లో మొదట్లో నేను విన్నవన్నీ స్టేజి పద్యాలే. షణ్ముఖి ఆంజనేయరాజు, మాధవపెద్ది సత్యం, నోట్లో వేలు పెట్టుకుని ఈలతోనే పద్యం పలికించే రఘురామయ్య. పద్యం అయిపోయాక కూడా ఆ రాగం ఎక్కడికో వెళ్లి తిరిగొస్తుంది చూడు, నాకు అదే ప్రాణం. నా ఈడువాళ్లకి అదొక నవ్వులాట. హార్మోనియం అంటే పెద్దవాళ్లకే చిన్నచూపు, అందులో గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చడాలు, పలకవని ఆకాశవాణి వాళ్లు 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టారు, ఇక నావంటి కుర్రాణ్ణి ఎవడు లెక్కచేస్తాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసువాళ్లమంతా బస్సు మాట్లాడుకుని ఎటో బయల్దేరాం. బస్సులో క్యాసెట్లు అయిపోయాయి. ఒకడు నా బ్యాగు వెతికి, పైన సినిమా పాటల కవరు చూసి (నేనే మార్చి పెట్టాను, ఎవరికీ తెలియకూడదని) తీసుకెళ్లి పెట్టేశాడు. హార్మోనియం మొదలైంది. తర్వాత పద్యం. రాగం ఎత్తుకోగానే వెనక సీట్లోంచి ఒకడు "ఆఆఆ" అని అందుకున్నాడు, ఇంకొకడు పంటినొప్పి వచ్చినట్టు బుగ్గ పట్టుకుని నిలబడ్డాడు, బస్సు బస్సంతా కేకలు. "ఎవరిదిరా ఈ క్యాసెట్?" అన్నారు. నేను కూడా నవ్వుతూ, "మా నాన్నది, పొరపాటున వచ్చేసింది" అన్నాను. మీ తాతయ్యకి పద్యం వినబడితే లేచి వెళ్లిపోయే అలవాటు, అది వేరే సంగతి.

తీసి డ్రైవర్ పక్కన పడేశారు. రాత్రి అందరూ పడుకున్నాక ఆ పెద్దాయన చాలా తక్కువ సౌండ్‌తో మళ్లీ పెట్టుకున్నాడు. నేను ముందు సీట్లోకి మారి, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుని మొత్తం విన్నాను. ఒక పద్యం దగ్గర స్టీరింగ్ మీద వేలితో తాళం వేస్తున్నాడు, రాగం దిగేసరికి "ఆహా" అన్నాడు, తనలో తనే. పక్కన నేనున్నాను, "అవునండీ" అంటే సరిపోయేది. అనలేదు. తెల్లారి దిగేటప్పుడు క్యాసెట్ కవరులో పెట్టి నా చేతికిచ్చి, "మీ నాన్నగారికి చెప్పండి బాబూ, మంచి టేస్టు ఆయనది" అన్నాడు. "చెబుతానండీ" అన్నాను. ముప్ఫై ఏళ్లు దాటింది, ఆ "చెబుతానండీ" మాత్రం ఇప్పటికీ గొంతులో అడ్డంగానే ఉంది.

వాళ్లతో వాదన పెట్టుకోమని కాదమ్మా. ఇందులో ఎంత పనితనం ఉందో తెలుసా అని మొదలుపెడితే ఎవరూ వినరు, ఇప్పుడు నేను చెబుతుంటే నువ్వు వింటున్నావా ఏమన్నా. నవ్వేవాళ్లని నవ్వనీ. వాళ్లు వినేది చెత్త అని నువ్వూ అనకు, నేను కొన్నాళ్లు ఆ పొగరు కూడా పడ్డాను, దాంతో ఉన్న ఇద్దరు స్నేహితులూ ఒకరయ్యారు. నాకిష్టం అని ఒక్క మాట అను, చాలు. లెక్చర్ ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చేశాను, అమ్మ చదివితే తిడుతుంది.

హెడ్‌ఫోన్స్ సౌండ్ మాత్రం తగ్గించు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90కి వెళ్తే 4 గంటలే. నీది 90 లోపు ఉంటుందని నాకు నమ్మకం లేదు. పెట్టుకుని నిద్రపోకు. రోడ్డు మీద పెట్టుకోకు.

నువ్వు పోయినేడు పంపిన పాట, తొమ్మిది నిమిషాలది, అప్పట్లో బాగుంది అని రాసేశాను గానీ వినలేదు. నిన్న విన్నాను. ఆరో నిమిషం దగ్గర అరుపులాగి గిటారు ఒక్కటే మిగులుతుంది కదా, అక్కడ రెండుసార్లు వెనక్కి వెళ్లాను. మిగతాదాని గురించి నన్నేమీ అడగకు.

గిటారు అమ్మేశావా? అమ్మితే అమ్మావులే, నీ ఇష్టం. అమ్మకపోతే, దాని సంచి జిప్పు ఊడిపోయిందన్నావుగా, కొత్తది పంపిస్తాను, టేపు పెట్టి పొడవెంతో కొలిచి రాయి.

నాన్న