ఆర్‌సీసీబీ లేకుండా బాత్రూంలో ప్లగ్ పాయింట్ పెట్టం

మా కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మా కరెంటు పనుల కొటేషన్లు పెరిగాయి. ఎందుకు పెరిగాయో మేమే చెప్పడం న్యాయం.

బాత్రూంలో గానీ, షాపులో గానీ, హోటల్ వంటగదిలో గానీ కొత్త ప్లగ్ పాయింట్ అడిగితే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సప్లై తెంచేసే స్విచ్), సరైన ఎర్తింగ్ కలిపే రేటు చెబుతున్నాం. అవి వద్దంటే ఆ పని ఒప్పుకోవడం లేదు. దీనివల్ల కొందరు పాత కస్టమర్లు వేరేవాళ్ల దగ్గరికి వెళ్లారు. బాధగానే ఉంది, అయినా ఇందులో బేరం లేదు.

"ఎమ్‌సీబీ ఉంది కదండీ" అని చాలామంది అంటారు. ఎమ్‌సీబీ అంటే లోడు మించితే దానంతట అదే ఆగిపోయే స్విచ్, అది కాపాడేది వైరును. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ ట్రిప్ అయి పడాలంటే అంతకు మించి కరెంటు పారాలి. తడి ఒంటితో ఉన్న మనిషికి 230 వోల్టుల షాక్ కొడితే ఒంట్లోంచి పారేది సుమారు పావు ఆంపియర్. ఎమ్‌సీబీకి అది ఒక ఫ్యాన్ లోడంత కూడా కాదు, పడనే పడదు. గుండె ఆగడానికి మాత్రం అది చాలు. ఆర్‌సీసీబీ పని వేరు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా సప్లై తెంచేస్తుంది. బాత్రూం సర్క్యూట్లకు మన దేశ వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 చెప్పేదీ ఈ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణే.

విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వైపు ఇంకో మాట వింటుంటాం: "అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో వాష్ బేసిన్ పక్కనే ప్లగ్ ఉంది, మాకూ అలాగే పెట్టండి." నిజమే, అక్కడి కోడ్ ప్రకారం ఇళ్ల బాత్రూంలో బేసిన్ అంచుకు మూడడుగుల లోపు ఒక ప్లగ్ ఉండి తీరాలి. కానీ 1975 నుంచీ ఆ ప్లగ్‌కు జీఎఫ్‌సీఐ (ఆర్‌సీసీబీ లాంటిదే) రక్షణ కూడా తప్పనిసరి. అది 5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెంచేస్తుంది. పైగా అక్కడ 120 వోల్టులు. షవర్‌కు వేరే అర ఉంటుంది. మనం బకెట్ పెట్టుకుని చెంబుతో పోసుకుంటాం, గది నాలుగు వైపులా తడుస్తుంది. అందుకే మేం గీజర్ స్విచ్ తలుపు బయటే పెడతాం. లోపల ప్లగ్ కావాల్సిందే అంటే నీళ్లు చేరని గోడ దొరికితేనే పెడతాం.

పాత ఇళ్లలో మమ్మల్ని ఎక్కువ భయపెట్టేది ప్లగ్ వెనకాల న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్కతో కలిపేయడం, అంటే జంపర్ కొట్టడం. ఎర్త్ వైరు లాగే ఖర్చు మిగులుతుందని ఎవరో చేసిపోతారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే గీజర్ బాడీకే కరెంటు వస్తుంది. కొత్తగా ఆర్‌సీసీబీ పెట్టాక "ఊరికే ట్రిప్ అవుతోంది" అని మీరు ఫోన్ చేసే వాటిలో చాలావాటికి కారణం ఈ జంపరే, లేదా రెండు గదులకు ఒకే న్యూట్రల్ వాడటం. దాన్ని వెతికి సరిచేయడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. మా లేబర్ చార్జీ పెరిగింది ముఖ్యంగా అక్కడే. ఆర్‌సీసీబీని బైపాస్ చేయమని మాత్రం దయచేసి మా కుర్రాళ్లను అడగకండి.

బీచ్ రోడ్డు చుట్టుపక్కల వాళ్లకు ఒక మాట. ఉప్పుగాలికి ఎర్త్ పిట్ (ఎర్తింగ్ గొయ్యి) దగ్గర క్లాంపులు, బోల్టులు తొందరగా తుప్పు పడతాయి. పైకి బాగానే కనిపించినా కొలిస్తే ఎర్త్ ఉండదు. వానలు తగ్గాక ఒకసారి కొలిపించుకోండి, మేమే రావాలని లేదు.

టిఫిన్ హోటళ్లు, షాపుల వాళ్ల టెన్షన్ కూడా తెలుసు: గ్రైండర్ దగ్గర లీకేజీ వస్తే ఫ్రిజ్ కూడా ఆగిపోయి సరుకు పాడవుతుందని. దానికి దారి ఆర్‌సీసీబీ తీసేయడం కాదు. తడి చోటికి ఒకటి, ఫ్రిజ్‌కు ఒకటి విడిగా పెడతాం. డీబీలో (ఈ స్విచ్‌లన్నీ ఉండే పెట్టెలో) జాగా లేకపోతే ముందే చెబుతాం.

పాత రేటుకు అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు అదే రేటుకు, ఆర్‌సీసీబీతో సహా పూర్తి చేస్తాం. ఈ షరతు కుదరదనుకుంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తాం, షాపుకు వచ్చి తీసుకోండి.