నాలుక కింద మాత్ర పెట్టేముందు ఒక ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

గుండెలో నొప్పి అనగానే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టాలన్న సంగతి ఇప్పుడు ఊళ్లో అందరికీ తెలుసు. వాట్సాప్ పుణ్యమా అని చాలా ఇళ్లలో ఆ మాత్రలు ఫ్రిజ్ మీదో, బీరువా అరలోనో సిద్ధంగా ఉంటున్నాయి. ఆ ఇంటి పెద్దాయన అదే రాత్రి అంగస్తంభన కోసం ఇంకో మాత్ర వేసుకుని ఉంటే ఏమవుతుందో మాత్రం తెలిసినవాళ్లు తక్కువ. పైగా ఆయన వేసుకున్న సంగతి భార్యకు తెలియదు, కొడుకుకు అసలే తెలియదు. తండ్రిని కాపాడుకుందామని కొడుకు హడావిడిగా పెట్టిన మాత్రే ఆయన ప్రాణం మీదికి తేవచ్చు. మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుగా ప్రధానంగా ఈ సంగతి చెప్పడానికే ఈ లేఖ.

వయాగ్రా పేరుతో లోకానికి పరిచయమైన సిల్డెనాఫిల్ మొదట గుండెనొప్పికి మందు వెతుకుతుంటే దొరికింది. ఇంగ్లండులోని శాండ్‌విచ్ పట్టణంలో ఫైజర్ పరిశోధకులు గుండె రక్తనాళాల కోసం దాన్ని పరీక్షిస్తుంటే, పక్కన కనబడిన గుణమే చివరికి అసలు ఉపయోగమై కూర్చుంది. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇంతటి చరిత్ర ఎందుకంటే, ఇది రక్తనాళాల మీద పనిచేసే మందు అన్న మాటే జనం మరచిపోయారు కాబట్టి. సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు రక్తనాళాలను వదులు చేసే రసాయనాన్ని ఒంట్లో పెంచుతాయి. సిల్డెనాఫిల్, అదే కోవకు చెందిన ఇంకో స్తంభన మాత్ర తడలాఫిల్ ఆ రసాయనం త్వరగా విరిగిపోకుండా అడ్డుపడతాయి. ఒకటి కుళాయి తిప్పుతుంది, రెండోది తూము మూస్తుంది. రెండూ ఒకేసారి ఒంట్లో ఉంటే రక్తపోటు ఉన్నట్టుండి పడిపోతుంది. అప్పటికే రక్తం అందక అవస్థ పడుతున్న గుండెకు అది తట్టుకోలేని దెబ్బ.

అందుకే సిల్డెనాఫిల్ వేసుకున్నాక కనీసం 24 గంటలు, తడలాఫిల్ అయితే కనీసం 48 గంటలు నైట్రేట్ మందు ఇవ్వకూడదన్నది వైద్యుల నియమం. రోజూ నైట్రేట్ వాడే గుండె రోగులకు ఈ గంటల లెక్కలు కూడా వర్తించవు, వాళ్లు ఈ మాత్రల జోలికే పోకూడదు. గుండెనొప్పికే ఇచ్చే నికొరాండిల్ అనే మందు వాడేవారికీ అంతే. ఒకవేళ మాత్ర వేసుకున్నాక ఛాతీలో నొప్పి వస్తే, సిగ్గు పక్కన పెట్టి 108 సిబ్బందికీ, ఆసుపత్రిలో మొదట చూసే డాక్టరుకూ ఆ మాట చెప్పి తీరాలి. నైట్రేట్ ఇవ్వకుండా చేయాల్సిన వైద్యం వాళ్లకు తెలుసు. తెలియనిదల్లా రోగి కడుపులో ఏ మాత్ర ఉందన్నదే.

ఇక మా కౌంటరు దగ్గర జరిగేది చూడండి. నేను ఆడమనిషిని. యాభై దాటిన పెద్దమనిషి వస్తారు, నన్ను చూడగానే దగ్గు బిళ్లలు అడుగుతారు. డబ్బులిచ్చి కూడా కదలరు. నేను లోపలికి వెళ్లగానే మా దగ్గర పనిచేసే కుర్రవాడితో గొంతు తగ్గించి, "బాబూ, ఒకటి చాలు, పెద్దది ఇవ్వు" అంటారు. కుర్రవాడు కత్తెర తీసుకుని స్ట్రిప్పులోంచి ఒక మాత్ర కత్తిరించి కాగితంలో చుట్టబోతాడు. మందు పేరు ఒక ముక్కలో పోయింది, గడువు తేదీ ఇంకో ముక్కలో పోయింది. బిల్లు ఉండదు. రేపు ఏదైనా అయితే ఆ మనిషి జేబులో దొరికేది పేరులేని రేకు ముక్క. మా షాపులో ఇది మాన్పించాను. అందుకు ఆయన నాలుగు అడుగులు వేసి పక్క షాపుకు వెళ్లారు.

"పెద్దది" అంటే 100 మిల్లీగ్రాములు. సాధారణంగా మొదలు పెట్టేది 50తో. 65 ఏళ్లు దాటినవారికి, కాలేయం లేదా మూత్రపిండాల జబ్బు తీవ్రంగా ఉన్నవారికి 25తో మొదలు పెడతారు. రోజుకు ఒకసారికి మించి వాడకూడదు. పనిచేయలేదని గంట తర్వాత ఇంకొకటి మింగేవాళ్లున్నారు. బిర్యానీ తిన్న వెంటనే వేసుకుంటే సిల్డెనాఫిల్ ఆలస్యంగా పనిచేస్తుందని, కోరిక కలగకపోతే మాత్ర దానంతటదే ఏమీ చేయదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి. ప్రోస్టేట్ సమస్యకు టామ్సులోసిన్ లాంటివి వాడుతున్నవారికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. కొన్ని ఫంగస్ మందులు, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఒంట్లో ఈ మందు మోతాదును పెంచేస్తాయి. మద్యంతో కలిపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. తలనొప్పి, ముఖం ఎర్రబడటం, ముక్కు దిబ్బడ మామూలే. కానీ చూపు హఠాత్తుగా తగ్గినా, వినికిడి పోయినా, స్తంభన నాలుగు గంటలు దాటినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ మందు చుట్టూ పేరుకున్న వెకిలితనం ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిన పసిబిడ్డలకు కూడా సిల్డెనాఫిల్ ఇస్తారు, చాలా చిన్న మోతాదులో. ఒక తల్లి చంకలో బిడ్డతో పెద్దాసుపత్రి చీటీ పట్టుకుని మా దగ్గరకు వచ్చింది. అంతకుముందు వెళ్లిన షాపులో ఆ చీటీ చూసి ఇద్దరు నవ్వుకున్నారట. "మేడమ్, ఇది బిడ్డకు వేయొచ్చా?" అని ఆమె అడిగినప్పుడు గొంతులో ఉన్నది భయం కాదు, అవమానం.

చట్టం సంగతికి వస్తే, ఇది డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందు. అట్ట మీద ఎర్ర గీతతో ఆ హెచ్చరిక ఉంటుంది. దాన్ని పాటించే షాపులు ఎన్నో మా వ్యాపారంలో అందరికీ తెలుసు. మావాళ్లకు కోపం వచ్చినా సరే, ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఫ్రిజ్ ఉష్ణోగ్రతతో పాటు ఈ మందుల బిల్లులు కూడా అడగాలని కోరుతున్నాను. అయితే కాగితం ఒక్కటే మనిషిని కాపాడుతుందని నేను అనుకోను. బ్రిటన్‌లో 2018 నుంచి 50 మిల్లీగ్రాముల సిల్డెనాఫిల్‌ను డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు, కానీ ఫార్మసిస్టు గుండె జబ్బు గురించి, వాడే మందుల గురించి అడిగి తెలుసుకున్నాకే. ఇక్కడ చట్టం అంతకంటే గట్టిది, ప్రశ్న మాత్రం లేదు. ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటుంది, మందు ఇచ్చేది ఇంటర్ తప్పిన కుర్రవాడు.

డాక్టర్లకు కూడా ఒక మనవి. స్టెంటు వేయించుకున్నవారిని ఇంటికి పంపేటప్పుడు ఉప్పు తగ్గించమంటారు, నడవమంటారు, ఊరగాయ మానమంటారు. దాంపత్య జీవితం గురించి ఒక్క ముక్క ఉండదు. రోగి అడగలేడు, డాక్టరుకు తీరిక ఉండదు. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో "స్తంభన మాత్రలు మమ్మల్ని అడగకుండా వాడవద్దు" అని ఒక్క వాక్యం అచ్చు వేయడానికి ఖర్చేమీ కాదు. గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఆరు నెలలు కానివారికి ఇది మరీ ముఖ్యం.

డాక్టరు దగ్గరకు వెళ్లడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. పురుషాంగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు గుండె నాళాల కంటే సన్నవి. కొవ్వు పేరుకున్నా, మధుమేహం దెబ్బతీసినా ముందు వాటిలోనే తెలుస్తుంది. గుండెజబ్బు బయటపడడానికి రెండు మూడేళ్ల ముందే అంగస్తంభన లోపం కనిపించడం అరుదేమీ కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే. ఆ లెక్కలో ఉండి కూడా తమకు జబ్బు ఉందని తెలియనివారికి ఇదే మొదటి హెచ్చరిక కావచ్చు. కత్తెరతో కోసిన మాత్రతో ఆ హెచ్చరికను నోరు మూయిస్తున్నాం. కొందరైతే బీపీ మాత్రల వల్లే ఇలా అవుతోందని విని, చెప్పాపెట్టకుండా వాటిని మానేస్తారు. మార్చవలసింది డాక్టరు, మానేయాల్సింది మనం కాదు.

చీటీకి మొహమాటపడి చూర్ణాల వైపు వెళ్లేవారి పరిస్థితి ఇంకా అన్యాయం. మూలికల మందు, దుష్ఫలితాలు లేవు అని అమ్మే వాటిలో గుట్టుగా సిల్డెనాఫిల్ కలిపిన ఉదంతాలు అనేకం పట్టుబడ్డాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అలాంటి ఉత్పత్తుల జాబితాను ప్రజల ముందు పెడుతూనే ఉంది. చెట్ల మందే కదా అని నైట్రేట్ వాడే మనిషి చెంచాడు చూర్ణం పాలలో కలుపుకుని తాగితే, ఆసుపత్రిలో డాక్టరు అడిగినా "ఇంగ్లీషు మందు ఏదీ వేసుకోలేదు" అనే చెబుతాడు. అబద్ధం కూడా కాదు, పాపం.

ఇక్కడ పత్రికల బాధ్యత కూడా ఉంది. లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, మంత్ర చికిత్సల చట్టం నిషేధిస్తోంది. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉండవచ్చు. ప్రకటన ఇచ్చినవారే కాదు, ప్రచురణలో పాలుపంచుకున్నవారూ దాని పరిధిలోకి వస్తారు. బస్టాండు మూత్రశాలల గోడల మీద పోస్టర్లను మునిసిపాలిటీ చింపుతుందో లేదో గానీ, వర్గీకృత ప్రకటనల పేజీ మీ చేతిలోనే ఉంది. అందులో ఫోను నంబరుతో వచ్చే అలాంటి రెండు పంక్తులను తీసుకోవద్దని, వీలైతే ఆ చోటులో నైట్రేట్ హెచ్చరికను ఉచితంగా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మహిళా ఫార్మసిస్టు,
తెనాలి