మొసళ్ళ వేట బృందం: 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, తెలుగు బడి నివేదికలు ఆయా కమిటీల వాళ్ళు విడిగా ఇచ్చారు. నా వంతుకి మొసళ్ళు వచ్చాయి, అంటే ఫ్లోరిడా రాష్ట్రం ఇచ్చే పర్మిట్‌తో ఇక్కడి చెరువుల్లో ఎలిగేటర్లని వేటాడే మన ఓర్లాండో తెలుగు సంఘం బృందం సంగతి. మొన్నటి సర్వసభ్య సమావేశంలో ఈ బృందం మీద పడినన్ని ప్రశ్నలు మరి దేని మీదా పడలేదు. అందుకని ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. "సంఘం సొమ్ముతో మొసళ్ళని చంపిస్తున్నారట" అని ఒక మాట వాట్సాప్‌లో తిరిగింది. సంఘం నిధి నుంచి మేం తీసుకున్నది ఒక ప్రథమ చికిత్స పెట్టె ఖరీదు, అంతే. పర్మిట్ ఎవరి పేరు మీద వస్తే వాళ్ళే కట్టుకున్నారు. ఫ్లోరిడా నివాసికి 272 డాలర్లు. దాంతో రెండు ట్యాగులు (పట్టిన మొసలి తోకకి వేసే గుర్తు బిళ్ళలు) ఇస్తారు, ట్యాగుకి ఒక మొసలి. పక్కనుండి తాడు పట్టేవాళ్ళకి ఏజెంట్ లైసెన్స్, మనిషికి 52 డాలర్లు. పెట్రోలు, ఐసు అందరూ పంచుకున్నారు. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా చూడొచ్చు.

ఈ సరదా మన ఓర్లాండోకి లూసియానా మీదుగా వచ్చింది. మన సభ్యుల్లో ఒకరి బావగారు బేటన్ రూజ్‌లో ఉంటారు. ఆయన పక్కింటివాళ్ళకి చిత్తడినేలలో కొంత భూమి ఉంది. సెప్టెంబరు వచ్చిందంటే తాత, కొడుకు, మనవరాలు ఒకే పడవలో బయల్దేరతారు, మన ఊళ్ళో కోతలకి ఇంటిల్లిపాదీ పొలం పోయినట్టు. అక్కడ 1972లో వేట మళ్ళీ తెరిచారు. నీటి మీదకి వంచిన కర్రకి గాలం కట్టి, మాంసం గుచ్చి వదిలేసి, తెల్లారి వెళ్ళి చూసుకుంటారు. ఫ్లోరిడాలో అలా చేస్తే కేసు పెడతారు. ఇక్కడ గాలానికి ఎర గుచ్చకూడదు. మొసలి ముందు తాడుకి చిక్కాల్సిందే. ఈ తేడా తెలియక మొదటి సమావేశానికి ఒకాయన పెద్ద గాలాల డబ్బా పట్టుకొచ్చారు. పాపం, తిరిగి ఇచ్చేసినట్టున్నారు.

మే నెలలో ఐదు కుటుంబాలు దరఖాస్తు పెట్టాయి. 18 ఏళ్ళు నిండినవాళ్ళ పేరు మీదే పెట్టాలి. లాటరీలో రెండు కుటుంబాలకి తగిలింది. ఒకరికి లేక్ కిస్సిమ్మీ, ఆగస్టు 22 నుంచి వారం. ఇంకొకరికి లేక్ జెసప్, సెప్టెంబరు 5 నుంచి వారం. ఈ రెండో వారంలోనే వినాయక చవితి పడింది. ఆ ఇంటి అమ్మమ్మగారు కాకినాడ నుంచి ఆరు నెలలకి వచ్చి ఉన్నారు. "పత్రి కోసిన చేత్తో బల్లెం పడతారట్రా?" అని ఒక్క మాట అన్నారు, ఆ వారం పడవ గరాజ్ దాటలేదు. అదృష్టం కొద్దీ, తమ వారంలో వాడని ట్యాగుల్ని నవంబరు 1 దాకా వాడుకునే వీలుంది.

వేటకి ముందు జూలైలో ఒడ్డున రెండు రాత్రులు చూపు సాధన చేయించాం. నాకు ఏడాది మొత్తంలో నచ్చినవి ఆ రెండు రాత్రులే. తలకి లైటు కట్టుకుని నీటి మీదకి చూస్తే మొసలి కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తాయి. పిల్లలు లెక్క మొదలుపెట్టి నలభై దగ్గర తప్పిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. కంటికీ ముక్కు కొసకీ మధ్య ఎన్ని అంగుళాలుంటే మొసలి సుమారు అన్ని అడుగులు అని ఇక్కడి వేటగాళ్ళ లెక్క. వినడానికి సులువే. చీకట్లో, కదిలే పడవ మీంచి, కదిలే మొసలి ముక్కుని కొలవడమే కష్టం. ఆ కష్టం ఆగస్టులో తెలిసొచ్చింది.

కిస్సిమ్మీలో మొదటి రాత్రి దోమలు తప్ప ఏమీ దక్కలేదు. మోటారుకి హైడ్రిల్లా నాచు చుట్టుకుని గంటసేపు కత్తితో కోసుకున్నాం. రెండో రాత్రి మా అబ్బాయి "ఎనిమిదడుగులు, నాన్నా!" అని గట్టిగా గుసగుసలాడాడు. మూడు ముళ్ళ గాలాన్ని ఎర లేకుండా దాని అవతలికి విసిరి, లాగుతూ ఒంటికి తగిలించాలి. నాలుగోసారికి తగిలింది. తర్వాత ఇరవై నిమిషాలు ఎవరు ఎవర్ని లాగుతున్నారో తెలియలేదు. స్థానబలిమి అంటే ఏమిటో చిన్నప్పుడు పద్యం బట్టీ పట్టినప్పుడు నాకు అర్థం కాలేదు. పడవ పక్కకి తెచ్చాక బల్లెం దింపి, రెండో తాడు బిగించి, బ్యాంగ్ స్టిక్‌తో పని ముగించారు. అది చివర తూటా ఉండే కర్ర. తల వెనక ఆనించి గట్టిగా పొడిస్తే పేలుతుంది. తాడుకి చిక్కిన మొసలి మీద మాత్రమే వాడాలి. వెంటనే తోక కొసన ట్యాగ్ వేశాం. టేపు పెట్టి కొలిస్తే ఆరడుగుల నాలుగంగుళాలు. మా అబ్బాయి ఇప్పటికీ టేపునే అనుమానిస్తున్నాడు.

ఇక్కడొక మాట. హెచ్-1బి మీద ఉన్న తమ్ముళ్ళు కొందరు బ్యాంగ్ స్టిక్ ఎందుకు పట్టనివ్వరని నొచ్చుకున్నారు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఆయుధాలు, తూటాల విషయంలో ఫెడరల్ చట్టం వేరుగా ఉంటుంది. మినహాయింపులున్నాయి గానీ, గ్రీన్ కార్డు వరసలో పదేళ్ళుగా నిలబడ్డ మనిషిని మొసలి కోసం ఆ తిరకాసులో పెట్టడం నాకిష్టం లేదు. బ్యాంగ్ స్టిక్ పౌరసత్వం ఉన్నవాళ్ళ చేతిలోనే ఉంటుంది. తాడు పట్టండి, లైటు పట్టండి. నిజానికి కష్టమైన పని తాడే.

రెండో మొసలి లేక్ జెసప్‌లో, సెప్టెంబరు 20 దాటాక. ఎనిమిదడుగుల ఒక అంగుళం. దాని గురించి గొప్పగా చెప్పుకోవాలని లేదు, ఎందుకంటే అంతకుముందు అదే రాత్రి ఇంకొకదాన్ని పోగొట్టుకున్నాం. బల్లెం మొన దిగింది, తాడు ముడి జారింది, అది గాయంతో రెల్లులోకి వెళ్ళిపోయింది. రెండు గంటలు వెతికాం, దొరకలేదు. ముడి వేసింది నేనే. పడవలో ఉన్న పన్నెండేళ్ళ అమ్మాయి ఏడ్చింది. "చచ్చిపోతే పర్లేదు మామయ్యా, నొప్పితో ఉంటుంది కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల మళ్ళీ రాదనుకున్నాను. మర్నాడు వాళ్ళ నాన్న ఫోన్ చేసి, అమ్మాయి తాడు ముడులు నేర్చుకుంటోందని చెప్పారు. వచ్చే ఏడు నుంచి ప్రతి తాడునీ ఇద్దరు విడివిడిగా లాగి చూడాలి. చూపు సాధనకి రాని పిల్లల్ని వేట రాత్రి పడవ ఎక్కించకూడదు. ఈ రెండు నియమాలూ ఆ రాత్రి పడవలోనే ఖాయం చేశాం.

మిగిలిన రెండు ట్యాగులూ వాడలేదు. సెప్టెంబరు 26న హెలీన్ తుఫాను, అక్టోబరు 9న మిల్టన్ తుఫాను. మిల్టన్ వానలకి సెయింట్ జాన్స్ నది, దాని చెరువులు పొంగి, రోజుల తరబడి ఇళ్ళ మీదకొచ్చాయి. అప్పుడు మన పడవ లేక్ హార్నీ వైపు నీళ్ళ సీసాలు, పులిహోర పొట్లాలు మోసింది. ఆ వివరాలు సేవా కమిటీ నివేదికలో ఉన్నాయి. వాడని ట్యాగుల్ని తిరిగి పంపేశాం.

"అసలు ఇది పాపం కాదా" అన్న ప్రశ్నకి వస్తాను. రాజోలు నుంచి వచ్చిన ఒక తాతగారు అడిగిన తీరు నాకు బాగా నచ్చింది: "మన దగ్గర జైల్లో పెట్టే పనికి ఇక్కడ లైసెన్స్ ఇస్తున్నారేంటయ్యా?" నిజమే. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద మొసలిని పట్టినా చంపినా నేరమే. ఇక్కడా ఒకప్పుడు అంతే. తోలు కోసం విచ్చలవిడిగా వేటాడితే 1967లో ఎలిగేటర్‌ని అంతరించిపోయే జాబితాలో పెట్టారు. రక్షణ దొరికి కోలుకుంది, 1987లో పూర్తిగా తేరుకుందని ప్రకటించారు. ఆ మరుసటి ఏడు, 1988లో, ఫ్లోరిడా ఈ పర్మిట్ల వేట మొదలుపెట్టింది. ఇప్పుడు రాష్ట్రంలో సుమారు 13 లక్షలు ఉంటాయని అంచనా, 67 కౌంటీల్లోనూ ఉన్నాయి. ఏ చెరువులో ఎన్ని ఉన్నాయో రాత్రిపూట లెక్కపెట్టి, దాన్నిబట్టి పర్మిట్లు ఇస్తారు. దక్షిణ ఫ్లోరిడాలో సన్నమూతి క్రోకడైల్ కూడా ఉంది. తెలుగులో రెండూ మొసలే గానీ దాని జోలికి పోకూడదు. ఇదంతా విని తాతగారు, "అయితే లెక్క తప్పితే మళ్ళీ మొదటికే" అన్నారు. అవును. మొసలి దొరికిన 24 గంటల్లోగా కొలతలతో సహా రాష్ట్రానికి చెప్పాల్సిందీ అందుకే. పాపమా కాదా అన్నది ఎవరింట్లో వాళ్ళు తేల్చుకోవలసిన విషయం, సంఘం తీర్మానం చేసేది కాదని నా అభిప్రాయం.

తిండి గొడవ. నవంబరు 1న వేట కాలం ముగిసింది, 2న కార్తీకం మొదలైంది. మన ఉత్సాహవంతుడు ఒకరు వనభోజనాలకి మొసలి వేపుడు తెస్తానని గ్రూపులో రాశారు. ఉసిరి చెట్టు కింద! (ఇక్కడ ఉసిరి చెట్టు కుండీలోదే అయినా.) నలుగురు పెద్దలు రాజీనామా దాకా వెళ్ళారు, ఒకరు నిజంగానే రాసిచ్చారు, అధ్యక్షులు చింపేశారు. చివరికి మాంసం ఫ్రీజర్లోనే ఉండి, డిసెంబరులో ఒక సభ్యుల ఇంట్లో, తినేవాళ్ళకి మాత్రమే వండాం. వండాలనుకునే వాళ్ళకి మా అనుభవం: తోక మాంసమే మంచిది. తెల్ల కొవ్వు పూర్తిగా తీసెయ్యాలి, లేకపోతే నీచు కొడుతుంది. పులుసు పెడితే రబ్బరులా సాగింది, ఎవరూ రెండో ముక్క వేసుకోలేదు. చిన్న ముక్కలు కోసి, అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించి రాత్రంతా ఉంచి, మొక్కజొన్న పిండి అద్ది నూనెలో వేయిస్తే పళ్ళెం ఐదు నిమిషాల్లో ఖాళీ. కోడికీ చేపకీ మధ్య రుచి.

వేటతో సంబంధం లేనివాళ్ళు కూడా చదవవలసింది ఇదొక్కటి. మనలో చాలామంది ఇళ్ళ వెనక వాననీటి చెరువులున్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం అక్కడే నడుస్తారు, బాతులకీ తాబేళ్ళకీ మిగిలిన చపాతీలు వేస్తారు. ఆ చపాతీకి బాతుతో పాటు మొసలీ వస్తుంది, మనిషి కనిపిస్తే తిండి అని నేర్చుకుంటుంది. మొసలికి తిండి వెయ్యడం ఫ్లోరిడాలో నేరం. జూన్‌లో పెట్టిన అవగాహన తరగతికి వేటలో ఉన్నవాళ్ళకంటే లేనివాళ్ళే ఎక్కువ వచ్చారు. చీకటి పడ్డాక నీటి అంచున పిల్లల్నీ కుక్కల్నీ తిప్పవద్దు. నాలుగడుగులకి మించినది ఇంటి దగ్గర తిరుగుతూ భయపెడుతుంటే రాష్ట్రం వాళ్ళకి ఫోన్ చేస్తే మొసళ్ళు పట్టే ట్రాపర్‌ని పంపుతారు. మన బృందాన్ని పిలవకండి. ఈ ఏడు ముగ్గురు పిలిచారు. పర్మిట్ ఉన్నా మనం ఎవరి పెరట్లోకీ వెళ్ళి పట్టకూడదు.

వచ్చే మే లాటరీకి పేర్లు ఏప్రిల్ నెలాఖరులోగా ఇవ్వండి. 2014లో అలబామాలో ఒక కుటుంబం పట్టిన 15 అడుగుల 9 అంగుళాల మొసలి ఫోటో గ్రూపులో పెట్టి "మనమెప్పుడు?" అని అడిగేవాళ్ళు ముందు చూపు సాధనకి రండి.

చివరగా, లేక్ జెసప్ మొసలి పుర్రెని ఉడికించి శుభ్రం చేశాం. తెలుగు బడికి ఇద్దామనుకుంటే టీచరుగారు సున్నితంగా వద్దన్నారు. ప్రస్తుతం అది అధ్యక్షులవారి గరాజ్‌లో, పచ్చడి జాడీల పక్కన ఉంది. ఉగాదిలోగా తీసెయ్యాలని వాళ్ళావిడ గడువు పెట్టారు. కావలసినవాళ్ళు చెప్పండి, మేమే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
బృంద కార్యదర్శి