ఓపెన్ టాప్ కారు మన ఎండలకి ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీలో స్పోర్ట్స్ కార్ల గురించి రాశారు, బాగుంది కానీ టాప్ తెరుచుకునే కన్వర్టిబుల్‌ని మరీ ఆకాశానికి ఎత్తేశారు అనిపించింది. బీఎండబ్ల్యూ జెడ్4, టయోటా సుప్రా తీసుకోండి, రెండూ కలిసి డెవలప్ చేసినవే, 2019 నుంచి ఆస్ట్రియాలో గ్రాజ్‌లో ఒకే ఫ్యాక్టరీలో తయారైనవే, 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ కూడా ఒకటే, తేడా అల్లా జెడ్4కి తెరుచుకునే గుడ్డ టాప్, సుప్రాకి గట్టి టాప్. మామూలుగా పైకప్పు తీసేస్తే బాడీ బిగువు తగ్గుద్ది, అందుకని కింద అదనంగా ఇనుము వేసి బలం ఇస్తారు, దాంతో బరువు పెరుగుద్ది, గతుకుల రోడ్డు మీద కొంచెం ఊగినట్టు ఉంటది, సుప్రాలాగా గట్టి టాప్ ఉండే కూపేలో ఆ గొడవ తక్కువ.

జెడ్4 టాప్ 10 సెకన్లలో తెరుచుకుంటది, బండి 50 కిలోమీటర్ల స్పీడులో ఉన్నా సరే, ముచ్చటగానే ఉంటది లెండి. కానీ మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర టాప్ తీసి కూర్చునేదెవరు చెప్పండి, ఆ దుమ్ము, ఆ బస్సుల పొగ, పైగా పక్క బైక్ వాళ్ళు ఫోన్లు తీసి వీడియోలు! డిసెంబర్‌లో పొద్దున్నే ఔటర్ మీద అయితే ఒప్పుకుంటా.

తమాషా ఏంటంటే టయోటా వాళ్ళు సుప్రాని మన దేశంలో అమ్మకానికే పెట్టలేదు, జెడ్4 మాత్రం వచ్చింది. డబ్బున్నోళ్ళకి కూడా ఇక్కడ ఛాయిస్ సరిగ్గా లేదన్నమాట. ఈసారి కూపేల గురించి కూడా రాయండి సార్.

ఇట్లు,
ఓ పాఠకుడు, కూకట్‌పల్లి